చాందినీ చౌక్‌లో పాదచారి ఎవరు?

ఢిల్లీలో ఎర్రకోట లాహోరీ దర్వాజా ముందు నిలబడి పడమటికి చూస్తే, అక్కడి నుంచి ఫతేపురి మసీదు దాకా వంకర లేకుండా సాగే వీధి చాందినీ చౌక్. దాని పొడవు 1.3 కిలోమీటర్లు. తాపీగా నడిచినా ఇరవై నిమిషాలకు మించి పట్టదు. కిందటి నవంబరులో ఒక పనిమీద ఆ నగరంలో తొమ్మిది రోజులు ఉండవలసి వచ్చింది. పని మధ్యాహ్నాలతోనే సరిపోయేది కాబట్టి ఉదయాలనూ కొన్ని రాత్రులనూ ఈ వీధికీ, దాన్ని అల్లుకున్న సందులకూ ఇచ్చాను. ఇరవై నిమిషాల వీధిని తొమ్మిది రోజులు నడిచాక నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది. 2021 సెప్టెంబరులో ఈ వీధిని కొత్తగా తీర్చిదిద్ది, ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది వరకు మోటారు వాహనాలను ఆపేసి, నడిచేవారికి అప్పగించడం దేశ రాజధానిలో ఈ మధ్యకాలంలో జరిగిన మంచి పనుల్లో ఒకటి. అయితే ఆ పని తలపెట్టినవారు పాదచారి అన్న మాటకు చెప్పుకున్న అర్థం చాలా ఇరుకైనది. చూడటానికి వచ్చినవాడు వారికి పాదచారిగా కనిపించాడు, కొనడానికి వచ్చినవాడు కనిపించాడు. నెత్తిన బరువు పెట్టుకుని రోజంతా అదే వీధిలో నడిచేవాడు మాత్రం వారి లెక్కలోకి రాలేదు. నేను రాయదలచుకున్నది ఆ మూడో మనిషి పక్షాన.

ముందు వీధి సంగతి కొంత చెప్పాలి. షాజహాన్ రాజధానిని ఆగ్రా నుంచి మార్చదలచి 1639లో ఈ కోటకు పునాది వేయించి, 1648లో ఇక్కడ కొలువుదీరాడు. కోట ఎదుటి వీధిలో కొలనుతో కూడిన విశాలమైన చౌకునూ, దాని పక్కన బాటసారుల కోసం ఒక సరాయినీ కట్టించింది ఆయన కూతురు జహనారా. వీధి నడిమధ్య కాలువ పారేది. కొలనులో వెన్నెల తళతళలాడేది కనుక ఆ చోటికి చాందినీ చౌక్ అన్న పేరు వచ్చిందని చెబుతారు. మొదట ఆ పేరు ఆ చౌకు ఒక్కదానిదే. వీధిలో ఒక్కో భాగానికి ఒక్కో బజారు పేరు ఉండేది. కొలనూ కాలువా పోయాక, సరాయి స్థానంలో ఆంగ్లేయుల టౌన్ హాలు లేచాక, ఆ పేరు వీధి మొత్తానికీ పాకింది. ప్రాకారం లోపలి షాజహానాబాదు నగరం సుమారు ఆరు చదరపు కిలోమీటర్లు. అంటే ఏ మూల ఇంటి నుంచి బయలుదేరినా అరగంటలోపే జామా మసీదు మెట్లు చేరుకోవచ్చు. మనిషి కాలిని కొలతగా పెట్టుకుని కట్టిన రాజధాని అది.

అయినా ఈ వీధి చరిత్ర చదివేటప్పుడు ఎక్కువగా కనిపించేవి ఏనుగులే. 1659లో వారసత్వ పోరులో ఓడిపోయిన దారా షుకోను అతని తమ్ముడు ఔరంగజేబు ఒక బడుగు ఏనుగు మీద కూర్చోబెట్టి, నగర ప్రజలంతా చూసేలా ఇదే వీధిలో తిప్పించాడు. రెండున్నర శతాబ్దాల తర్వాత మరో ఏనుగు వచ్చింది. కలకత్తా నుంచి రాజధానిని ఢిల్లీకి మారుస్తున్నట్టు 1911 డిసెంబరు 12న ఐదో జార్జి ప్రకటించాడు. మరుసటి ఏడాది డిసెంబరు 23న వైస్రాయి హార్డింజి కొత్త రాజధానిలోకి ఏనుగెక్కి ఊరేగింపుగా ప్రవేశిస్తుండగా, చాందినీ చౌక్‌లో అతని మీద బాంబు పడింది. ఆ పథకం రాస్‌బిహారీ బోస్‌ది. వైస్రాయి గాయాలతో బయటపడ్డాడు. అతని వెనుక నిలబడి గొడుగు పట్టిన సేవకుడు అక్కడికక్కడే మరణించాడు. ఆ సంఘటనను తలచుకునేటప్పుడు వైస్రాయి పేరు చెబుతాం, విప్లవకారుల పేర్లు చెబుతాం, గొడుగు పట్టినవాడిని గొడుగు పట్టినవాడనే అంటాం. టౌన్ హాలు ముందు నిలబడిన ప్రతిసారీ నాకు అతనే గుర్తుకు వచ్చాడు.

అదే టౌన్ హాలు ముందు ఇప్పుడున్నది స్వామి శ్రద్ధానంద విగ్రహం. ఒకప్పుడు అక్కడ విక్టోరియా రాణి విగ్రహం ఉండేది. 1919 మార్చి 30న, రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా నగరమంతా హర్తాళ్ పాటించిన రోజున, ఇక్కడి గడియారస్తంభం దగ్గర గూర్ఖా సైనికులు తుపాకులు ఎక్కుపెడితే, జనానికి ముందు నడుస్తున్న ఆ కాషాయధారి ఛాతీ విప్పి కాల్చమన్నాడు. గడియారస్తంభం ఇప్పుడు లేదు, 1950ల తొలినాళ్ళలో కూలిపోయింది. కానీ ఎర్రకోట వైపు నుంచి నడిచి వచ్చి ఆ చోట ఆగినప్పుడు, ఏనుగు మీద వచ్చినవారికీ నడిచి వచ్చినవారికీ ఈ వీధి ఎంత భిన్నమైనదో అర్థమవుతుంది. అంబారీ మీద కూర్చున్నవాడికి వీధి అంటే తనను చూసే జనం బారులు తీరే చోటు. నడిచేవాడికి అది పక్కవాడి భుజం తగిలే చోటు.

ఈ తేడా చరిత్రకే పరిమితమైనది కాదు. రిక్షాలో కూర్చుని ఈ వీధిని చుట్టి వెళ్ళేవారు చాలామంది ఉంటారు. మొదటిరోజు నేనూ అలాగే చేశాను. కోట దగ్గర ఎక్కి ఫతేపురి దగ్గర దిగేసరికి నాకు గుర్తున్నవి సైన్‌బోర్డులూ తీగలూ మాత్రమే. మరునాడు నడిచాను. ఎర్ర రాతి జైన మందిరం, దాని ఆవరణలో జబ్బుపడిన పక్షులకు వైద్యం చేసే ఆసుపత్రి, ఆ పక్కనే గౌరీశంకర మందిరం, కొంచెం ముందుకు పోతే 1675లో గురు తేగ్ బహదూర్ శిరచ్ఛేదం జరిగిన చోట వెలసిన సీస్‌గంజ్ గురుద్వారా, దానికి ఆనుకుని సునహరీ మసీదు. ఈ ఆఖరిది నడిచేవాడికి కూడా తలెత్తి వెతికితే తప్ప దొరకదు. అది పై అంతస్తు ఎత్తున ఉన్న చిన్న మసీదు, 1721లో కట్టింది. 1739 మార్చిలో నాదిర్షా తన సైన్యానికి ఊచకోత ఆజ్ఞ ఇచ్చి, అక్కడే కూర్చుని చూశాడు. ఆ అరుగు మీద నుంచి కిందికి చూస్తే ఎవరి ముఖం ఎవరిదో పోల్చుకునేంత దగ్గర. అంత దగ్గరగా కూర్చుని ఒక మనిషి అది చూడగలిగాడన్న సంగతి, ఆ గోడ కింద నిలబడినప్పుడు పుస్తకంలో చదివిన దానికంటే ఎక్కువగా బాధ పెట్టింది.

వీధి దాటి సందుల్లోకి దిగితే నడక తప్ప మరో మార్గమే లేదు. దిక్కు తోచక మొదటి రెండు రోజులు దారి తప్పుతూనే ఉన్నాను. తర్వాత అక్కడి పేర్లే దారి చూపుతాయని తెలిసింది. గలీ అంటే సందు. కూచా అంటే ఒకే వృత్తివారో ఒకే కుదురువారో ఇళ్ళు కట్టుకున్న సందు, చాలావాటికి రాత్రిళ్ళు మూసే పెద్ద తలుపు ఉండేది. కట్రా అంటే నడుమ వాకిలి వదిలి చుట్టూ ఒకే రకం సరుకు వర్తకులు దుకాణాలు పెట్టుకున్న ఆవరణ. కూచా మహాజనీ అంటే షావుకార్లది అని పేరులోనే తెలిసిపోతుంది. కట్రా నీల్ పేరులో నీలిమందు ఉంది, ఇప్పుడక్కడ దొరికేది బట్ట. బల్లీమారాన్ అంటే తెడ్డు వేసేవాళ్ళ పేట, ఇప్పుడు అక్కడ అమ్మేవి కళ్ళద్దాలూ చెప్పులూ. ఆ పేటలోని గలీ కాసిం జాన్‌లో మీర్జా గాలిబ్ తన చివరి సంవత్సరాలు గడిపి, 1869 ఫిబ్రవరి 15న కన్నుమూశాడు. ఆ ఇంటిలో మిగిలిన భాగం ఇప్పుడు చిన్న స్మారకశాల. దాని గడప దగ్గర నిలబడి ఉండగా పక్కనే ఒక చెప్పుల దుకాణం మనిషి అట్టపెట్టెలు లెక్కపెడుతూ పైకి అంకెలు చదువుతున్నాడు. కవి ఉన్న రోజుల్లోనూ ఆ సందులో ఎవరో ఒకరు ఏదో ఒకటి లెక్కపెడుతూనే ఉండి ఉంటారని అనుకున్నాను.

కినారీ బజారులో జరీ అంచుల దుకాణాల నడుమ పక్కకు తిరిగితే నౌఘరా ఉంది. ఒకే వరుసకు చెందిన తొమ్మిది ఇళ్ళు, ముందు పూలతీగలు చిత్రించిన గోడలు, మూడు మెట్ల ఎత్తున్న అరుగులు, చివరన జైన మందిరం. ఆ ప్రశాంతతకూ బయటి బజారు రొదకూ మధ్య దూరం నిండా పది అడుగులు ఉండదు. సందులో ఎండ మధ్యాహ్నం కాసేపు తప్ప నేల మీద పడదు. ఇరుకుతనం అక్కడ లోపం కాదు. వేసవిలో ఈ ఊరు ఎలా కాగుతుందో తెలిసినవారు ఆ నీడ కోసమే సందులను అలా కట్టుకున్నారని వేరే చెప్పనక్కరలేదు.

ఆ ఇరుకు సందుల్లోకి సరుకు ఎలా వస్తుందన్న ప్రశ్న నాకు మూడో రోజు దాకా తట్టలేదు. తట్టాక మరేదీ కనిపించలేదు. లారీ రాదు, ఆటో రాదు, చాలాచోట్ల తోపుడుబండి కూడా మలుపు తిరగదు. కినారీ బజారు జరీ, నయీ సడక్ పుస్తకాలు, చావ్‌డీ బజారు కాగితం రీములు, ఖారీ బావలీ మిరపకాయలు, ఇవన్నీ మనిషి తల మీదో వీపు మీదో ప్రయాణం చేసినవే. వెడల్పాటి గంపను ఝల్లీ అంటారు, దాన్ని మోసేవాడు ఝల్లీవాలా. బస్తాలు ఎత్తి దింపేవాడు పల్లేదారు. వీరు లేకపోతే ఉత్తరాదికి సరుకు పంపే ఈ టోకు బజారు ఒక్క పూట కూడా నడవదు. ఈ నగరంలో అందరికంటే ఎక్కువ దూరం కాలినడకన తిరిగే మనుషులు వీరే. అయినా పాదచారుల వీధి గురించి మాట్లాడే చోట వీరి పేరు వినబడదు.

ఐదో రోజు ఉదయం ఖారీ బావలీకి వెళ్ళాను. పేరుకు ఉప్పునీటి బావి అని అర్థం. ఆ మెట్లబావి జాడ ఇప్పుడు లేదు, ఉన్నది ఆసియాలోనే పేరుమోసిన సుగంధద్రవ్యాల బజారు. 1920లలో కట్టిన గడోడియా మార్కెట్టులోకి అడుగుపెట్టగానే మిరప ఘాటుకు దగ్గు ఆగలేదు. లోపలి వాకిట్లో అందరూ దగ్గుతూనే బేరాలు చేస్తున్నారు. అక్కడి నుంచి ఒక ఝల్లీవాలా వెనుక నడిచాను. యాభై దాటిన మనిషి. మెడ కండరాలు రెండు తాళ్ళలా బిగుసుకుని ఉన్నాయి. తలపాగా గుడ్డనే చుట్టకుదురుగా చుట్టుకుని, దాని మీద గంప, గంపలో తాడుతో బిగించిన నాలుగు అట్టపెట్టెలు, వాటి పైన అడ్డంగా ఒక బస్తా. గంప ఊగకుండా ఒక చేత్తో అంచు పట్టుకుని, రెండో చేతిని గాలిలో చుక్కానిలా కదుపుతూ, "హటో భాయీ, హటో" అంటూ అడుగులో అడుగు వేసుకుంటూ పోతున్నాడు. అతని చూపు ముందుకు లేదు. నాలుగడుగుల దూరంలో నేల మీద ఉంది. తల వంచలేడు, పక్కకు తిప్పలేడు కనుక ఎదుటివారే అతన్ని చూసి తప్పుకోవాలి.

ఫతేపురి మసీదు పక్కన ఒక మోటారుసైకిలు అడ్డం వచ్చింది. ఆగిపోయాడు. ఆగడం అంటే బరువు దిగదు, అలాగే నిలబడి ఉండాలి. అర నిమిషం, నిమిషం, రెండు నిమిషాలు. మోకాళ్ళు సన్నగా వణకడం నేను చూశాను. చివరకు సందు దొరికి, ఒక దుకాణం ఎత్తు అరుగు దగ్గరకు చేరి, గంపను తల మీద నుంచి నేరుగా అరుగు మీదికి జరిపి, ఊపిరి పీల్చుకున్నాడు. నేను దగ్గరకు వెళ్ళి, అవతల చాందినీ చౌక్‌లో కూర్చోవడానికి కొత్త రాతిబల్లలు చాలా ఉన్నాయి కదా, వాటి మీద దించుకోవచ్చు కదా అని నాకు వచ్చిన హిందీలో అడిగాను. నా అజ్ఞానానికి కోపగించుకోకుండా ఓపికగా చెప్పాడు. "బాబూజీ, ఆ రాళ్ళు మోకాలి ఎత్తు. వాటి మీద దించడం దించుతాను, మళ్ళీ నెత్తికెత్తేదెవరు? ఎత్తడానికి ఇద్దరు కావాలి. ఇదిగో, ఇలా భుజం ఎత్తున ఉంటే ఒక్కడినే దించుకుంటాను, ఒక్కడినే ఎత్తుకుంటాను."

ఆ మాట విన్నాక అదే వీధి నాకు మరోలా కనిపించింది. ఎర్ర గ్రానైటు పరచిన ఆ కాలిబాట పొడవునా ఉన్న ప్రతి బల్లా, ప్రతి రాతిదిమ్మా మోకాలి ఎత్తే. అవి కూర్చునేవారి కోసం ఉన్నాయి. బరువు మోసే దేహానికి విశ్రాంతి అంటే కూర్చోవడం కాదు, భుజం ఎత్తున బరువు ఆన్చుకుని నిలబడటం. ఇది పూర్వులకు తెలియనిదేమీ కాదు. తమిళదేశంలో పాత బాటల పక్కన రెండు నిలువురాళ్ళ మీద ఒక అడ్డరాయి పెట్టిన సుమైతాంగులు ఈనాటికీ నిలిచి ఉన్నాయి. మరో రాజధాని లండన్‌లో, పికడిల్లీ వీధిలో, 1861లో మూటలు మోసేవారి కోసం ఇనుప స్తంభాల మీద భుజం ఎత్తున ఒక చెక్కను బిగించారు. మోసేవారు కనుమరుగైన తర్వాత కూడా ఆ నగరం దాన్ని గుర్తుగా నిలుపుకుంది. మోసేవారు వేలల్లో ఉన్న షాజహానాబాదులో, కోట్లు ఖర్చు చేసి వేసిన కొత్త వీధిలో, అటువంటి చెక్క ఒక్కటి కూడా నాకు కనిపించలేదు. దానికి కావలసినది పెద్ద డబ్బు కాదు. వీధి పటం గీసే బల్ల దగ్గర ఆ మనిషి కూడా ఒకడున్నాడన్న ఎరుక ఉంటే చాలు.

అంతకంటే పెద్ద లోపం ఇంకొకటి ఉంది. పాదచారుల వీధి ఫతేపురి దగ్గర ముగుస్తుంది. కాళ్ళ మీద ఆధారపడి బతికే బజారు, అంటే ఖారీ బావలీ, సరిగ్గా అక్కడ మొదలవుతుంది. నున్నటి రాళ్ళు పరచిన దారి మీద నడిచేది చేతులు ఊపుకుంటూ వచ్చే నాలాంటివాడు. గంప ఎత్తుకున్నవాడు ఆ గీత దాటగానే మినీలారీలు, ఆటోలు, మోటారుసైకిళ్ళు, ఎద్దుబండ్లను తలపించే ఠేలాలనే బరువైన తోపుడుబండ్ల మధ్యకు దిగాలి. ఆ గీతను అక్కడ గీయడం యాదృచ్ఛికం అనుకోను. వీధిని అందంగా చేయాలన్నది సంకల్పమైనప్పుడు, అందానికి అడ్డం అనుకున్నదంతా గీతకు అవతలే ఉండిపోతుంది.

ఈ పథకాన్ని వ్యతిరేకించేవారి వాదనలు నేను కొట్టిపారేయను. వాహనాలు ఆపితే కొనుగోలుదారులు రారన్నది కొందరు వ్యాపారుల భయం. కానీ 2005లో చాందినీ చౌక్, చావ్‌డీ బజారు మెట్రో స్టేషన్లు వచ్చాయి. 2017లో ఎర్రకోట, జామా మసీదు స్టేషన్లూ తోడయ్యాయి. ఆరు చదరపు కిలోమీటర్ల పాతనగరంలోకి రావడానికి ఇన్ని దారులున్నప్పుడు సొంత కారు తెచ్చి నిలిపే హక్కు కోసం వాదించడంలో న్యాయం కనిపించదు. పైగా ఒక కారు నిలిచే చోటులో ఎంతమంది నిలబడి బేరమాడగలరో ఆ వ్యాపారులకు నాకంటే బాగా తెలుసు. ముసలివారు, నడవలేనివారి మాటేమిటన్న ప్రశ్న ఇంతకంటే బరువైనది. సైకిల్ రిక్షాలను అనుమతించడం దానికి చాలావరకు జవాబు. వీధి మీద రిక్షాలు ఎక్కువైపోయాయని విసుక్కునేవారు ఈ సంగతి కూడా ఆలోచించాలి. మోకాళ్ళ నొప్పితో ఉన్న ఒక పెద్దావిడ గురుద్వారా మెట్ల ముందు రిక్షా దిగి, మనవడి భుజం పట్టుకుని లోపలికి నడవడం చూశాను. ఆ రిక్షా లేకపోతే ఆమె దర్శనం లేదు.

సరుకు రాత్రి తొమ్మిది తర్వాత వస్తుంది కదా, పగలు మోసే పని ఏముంటుందన్నది మూడో వాదన. కాగితం మీద అది సరిగ్గానే ఉంది. ఆచరణలో సరుకు రాత్రి లారీలో వీధి దాకా వస్తుంది, వీధి నుంచి సందులోకి మనిషి మీదే వెళ్ళాలి, సందులో అమ్ముడైనది పగలే బయటకు రావాలి. టోకు వ్యాపారం అంటే వచ్చిన కొనుగోలుదారు ఆ పూటే మూట కట్టించుకుని వెళ్ళడం. కనుక నిషేధం వల్ల మోసే దూరం తగ్గదు. ఇదివరకు సందు మొగదాకా వచ్చిన బండి ఇప్పుడు పగటిపూట వీధి చివరే ఆగుతుంది కాబట్టి, చాలామందికి ఆ దూరం పెరిగింది. నడిచేవారికి ఇచ్చిన సౌకర్యపు ధర మరో రకం నడిచేవారి మెడ మీద పడింది. ఇది నిషేధాన్ని ఎత్తివేయడానికి కారణం కాదు. ఆ పెరిగిన దూరంలో వారికి నీళ్ళు, నీడ, భుజం ఎత్తు ఆసరా, అడ్డంకి లేని దారి ఇవ్వవలసిన బాధ్యతకు కారణం.

అడ్డంకి లేని దారి అన్నాను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం కాలిబాట మీద అడ్డం లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. ఖాళీ చేతులతో ఎదురెదురుగా వచ్చే ఇద్దరికి అది చాలు. గంప ఒక్కటే మీటరు దాకా ఉంటుంది, మోసేవాడు పక్కకు ఒరగలేడు కనుక ఇద్దరు ఝల్లీవాలాలు ఎదురుపడితే ఒకరు నిలిచిపోవాలి. నిలిచిపోవడం అంటే ఏమిటో పైన రాశాను. వాహనాలను ఆపడానికి పాతిన రాతిదిమ్మెల మధ్య సందులను కూడా ఎవరూ గంప వెడల్పుతో కొలిచినట్టు లేదు. ఆ దిమ్మెల సందుల్లోంచి మోటారుసైకిళ్ళు నిషేధ వేళల్లోనే దర్జాగా దూరిపోవడం రోజూ చూశాను. ఠేలా తోసేవాడు మాత్రం చుట్టూ తిరిగి రావలసి వచ్చింది.

2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల జీవనోపాధిని రక్షించే చట్టం చేసింది. కాలిబాట మీద నడవడం జీవించే హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. రెండూ సంతోషించదగినవి. అమ్మేవాడికి ఒక చట్టం దొరికింది, నడిచేవాడికి ఒక తీర్పు దొరికింది. నడుస్తూ మోసేవాడు ఈ రెంటిలో దేనిలోకి వస్తాడని అడిగితే, రెండో దానిలోకే వస్తాడని, అందులో అందరికంటే ముందు వరుసలో నిలుస్తాడని నా వాదన. ఈ దృష్టితో చూస్తే చేయవలసినది స్పష్టంగానే ఉంది. వాహన నిషేధాన్ని ఫతేపురి దాటించి ఖారీ బావలీ చివరిదాకా తీసుకుపోవాలి. ఠేలాలకూ గంపలకూ ఒక వరుసను రాయి రంగు మార్చి కేటాయించాలి. ప్రతి రెండు వందల అడుగులకు ఒక ఆసరా చెక్క నిలపాలి. దాని ఎత్తు నిర్ణయించడానికి నిపుణుల సంఘం అక్కరలేదు, నాకు చెప్పిన ఆ మనిషిని పిలిచి భుజానికి టేపు పెడితే సరిపోతుంది.

ఏడో రోజున న్యూఢిల్లీ కూడా నడిచాను, పోలిక కోసం. ఆంగ్లేయులు 1931లో ప్రారంభించిన ఆ నగరంలో రాష్ట్రపతి భవనం నుంచి ఇండియా గేటు దాకా ఉన్న కర్తవ్య పథ్ సుమారు మూడు కిలోమీటర్లు. పచ్చిక, నీళ్ళు, చెట్లు, వెడల్పాటి బాటలు, అంతా శుభ్రంగా ఉంది. కానీ అక్కడ నడక ఎక్కడికో చేరడానికి కాదు. దారి పక్కన దుకాణం లేదు, గడప లేదు, ఆగి మాట్లాడదగిన అరుగు లేదు. ఏనుగు అంబారీ కోసం కొలిచిన వెడల్పు అది. సంసద్ మార్గ్‌ను మాత్రం, ఆ నగరానికి పటం గీసిన వాస్తుశిల్పి లుట్యెన్స్ జామా మసీదు వైపు గురిపెట్టి గీశాడు. కొత్త నగరాన్ని పాత నగరంతో కలపవలసిన ఆ గీత కన్నాట్ ప్లేస్ దాటాక రైలుపట్టాల దగ్గర ఆగిపోయింది. నేను ఆ దారినే పట్టుకుని, పట్టాలను చుట్టి, అజ్మేరీ దర్వాజా మీదుగా చావ్‌డీ బజారులోకి వచ్చి పడ్డాను. కాగితం రీములతో ఒక ఠేలా ఎదురొచ్చింది. వెనక నుంచి తోస్తున్న కుర్రవాడు నన్ను చూసి "బచ్‌కే, అంకుల్" అని అరిచాడు. రాజధానిలో ఆ రోజంతా నన్ను ఎవరైనా పలకరించడం అదే మొదలు.

చివరి రాత్రి ఫతేపురి దగ్గర తొమ్మిదింటి దాకా నిలబడ్డాను. మసీదు మెట్ల పక్కన పాలు మరిగే పెద్ద కడాయి, దాని చుట్టూ చలికి చేతులు కాచుకునేవాళ్ళు. 1857 తర్వాత ఆంగ్లేయులు ఈ మసీదును వేలం వేస్తే చున్నామల్ అనే వర్తకుడు కొన్నాడు, కొన్నేళ్ళకు అది తిరిగి ముస్లింలకు అందింది. ఆయన హవేలీ అదే వీధిలో చీకట్లో పొడవుగా నిలబడి ఉంది. తొమ్మిదికి ఐదు నిమిషాలుందనగా అడ్డుబారికేడ్ల అవతల మినీలారీలు బారులు తీరి ఇంజన్లు రొద పెట్టడం మొదలైంది. వీధి మీద ఉన్న జనం సగం కోట వైపు, సగం మెట్రో వైపు కదిలారు. రాతిబల్లలు ఖాళీ అయ్యాయి. ఖాళీ గంపలను వీపున బోర్లించుకుని ఒక్కొక్కరుగా ఝల్లీవాలాలు వచ్చి ఆ బల్లల మీద కూర్చున్నారు, చుట్టకుదురు గుడ్డలు విప్పి ముఖాలు తుడుచుకున్నారు. ఒకతను బీడీ వెలిగించి పక్కవాడికి అందించాడు. పోలీసు వచ్చి బారికేడు పక్కకు లాగాడు. మొదటి లారీ లోపలికి రాగానే అందరూ లేచి, గంపలు తిప్పి నెత్తికెత్తుకున్నారు.